టిల్లర్ ఒక పక్కకే లాగుతోందా?

నెల్లూరు జిల్లా కోవూరు వైపు ఎడగారు (రెండో పంట) దమ్ములు మొదలయ్యాయి కాబట్టి చెబుతున్నా. పవర్ టిల్లర్ ఒక పక్కకే లాగుతుంటే వెంటనే గేర్‌బాక్స్ విప్పించకండి. ముందు రెండు టైర్లలో గాలి సమానంగా ఉందో లేదో చూడండి. కేజ్ వీల్స్ (దమ్ములో వేసే ఇనప చక్రాలు) వేసుంటే ఒకవైపే బురద ముద్దలు పేరుకున్నాయేమో చూడండి.

తర్వాత హ్యాండిల్ కింది స్టీరింగ్ క్లచ్ లివర్లు. మామూలుగా ఏ పక్క లివర్ నొక్కితే ఆ పక్క చక్రానికి ఇంజిన్ పట్టు వదిలి, బండి అటు తిరుగుతుంది. ఇంజిన్ ఆపి వాటిని ఒక్కోటి వేలితో నొక్కండి. మొదట కొంచెం లూజు తగలాలి. అది లేకుండా కేబుల్ బిగుసుకుని ఉంటే ఆ పక్క క్లచ్ పూర్తిగా పట్టుకోదు, బండి అటే లాగుతుంది. లూజు మరీ ఎక్కువైతే లివర్ నొక్కినా తిరగదు. నిరుడు మా బండికి మెకానిక్ ఏదేదో చెప్పాడు గానీ, తీరా చూస్తే కేబుల్ తొడుగులో ఎండిన బురద! డీజిల్‌తో కడిగి నాలుగు చుక్కలు ఆయిల్ వేస్తే సరిపోయింది.

ఇంకోటి. గట్టు దిగేటప్పుడు లివర్ నొక్కితే బండి అవతలి పక్కకి తిరుగుతుంది. అది రిపేరు కాదు. క్లచ్ వదిలిన చక్రం పల్లానికి ఫ్రీగా దొర్లుతుంది, రెండోదాన్ని ఇంజిన్ పట్టి ఉంచుతుంది, అంతే. అక్కడ లివర్ల జోలికి పోకుండా, థ్రాటిల్ తగ్గించి హ్యాండిల్‌తోనే తిప్పండి.