కంటికి కనిపించని క్షేత్రాన్ని ఇంట్లోనే పట్టుకోవడం ఎలా?

విద్యుత్ క్షేత్రం, గురుత్వాకర్షణ క్షేత్రం అని బడిలో బట్టీ పట్టాం కానీ, ‘క్షేత్రం’ అంటే ఏమిటో చాలామందికి మనసుకు ఎక్కదు. క్షేత్రమంటే పొలం అనే అర్థం కూడా ఉంది కదా, అక్కడి నుంచే మొదలుపెడదాం. పొలంలో నీళ్లు పోస్తే వాలు ఎటుంటే అటు పారతాయి. నీళ్లు పోయకముందు కూడా ఆ వాలు అక్కడే ఉంది. భౌతికశాస్త్రంలో క్షేత్రమూ అలాంటిదే: ఒక చోట వస్తువును పెడితే దాన్ని ఎటువైపు, ఎంత బలంగా లాగుతుందో చెప్పే, ఆ చోటుకు ముందే ఉన్న గుణం.

దీన్ని పట్టుకోవడానికి ఒక ప్లాస్టిక్ దువ్వెన, కాగితం, దిక్సూచి, టార్చిలో వేసే సెల్, కాస్త వైరు, ఒక అయస్కాంతం ఉంటే చాలు.

ముందు దువ్వెన సంగతి. కాగితాన్ని గోరంత ముక్కలుగా చింపి బల్ల మీద చల్లండి. నూనె రాయని పొడి జుట్టును పది పదిహేనుసార్లు గట్టిగా దువ్వి, దువ్వెనను పైనుంచి చాలా నెమ్మదిగా దించండి. తొందరపడితే అసలు విషయం కనబడదు. దువ్వెన ఇంకా తాకకముందే ఒక ముక్క అంచు మీద నిక్కి నిలబడుతుంది. దువ్వెనను పైకి తీస్తే మళ్లీ పడుకుంటుంది. మధ్యలో దారం లేదు, గాలి ఊదడం లేదు. ఆ ముక్క నిలబడిన చోట క్షేత్రం ఉన్నట్టే.

జుట్టుకు రాసుకోవడంతో దువ్వెనకు విద్యుత్ ఆవేశం (ఛార్జ్) వచ్చింది. కాగితానికి మొత్తం మీద ఆవేశం లేదు కదా, ఎందుకు లేచింది? దువ్వెన ఆవేశం వల్ల కాగితంలోని ఆవేశాలు కొంచెం జరుగుతాయి. దువ్వెనకు వ్యతిరేకమైనవి దగ్గరగా, అదే రకానివి దూరంగా చేరతాయి. క్షేత్రం దగ్గర బలంగా, దూరంలో బలహీనంగా ఉంటుంది కాబట్టి వికర్షణ కంటే ఆకర్షణదే పైచేయి. అతుక్కున్న ముక్క కాసేపటికి ఎగిరి పడిపోతే ఇంకా మంచిది: దువ్వెన ఆవేశమే దానికీ అంటుకుని, రెండూ నెట్టుకున్నాయన్నమాట. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజు ఇదేదీ సరిగా జరగదు, ఆవేశం కారిపోతుంది. టెన్షన్ పడకుండా పొడిగా ఉన్న రోజు మళ్లీ చేయండి.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆ ముక్కను కిందికి లాగుతున్నది మొత్తం భూమి. దాన్ని ఒక దువ్వెన గెలిచింది! హైడ్రోజన్ పరమాణువులో ప్రోటాన్‌కూ ఎలక్ట్రాన్‌కూ మధ్య ఉండే విద్యుత్ బలం, వాటి గురుత్వాకర్షణ కంటే సుమారు 2 పక్కన 39 సున్నాలు పెట్టినన్ని రెట్లు ఎక్కువ. అయినా గ్రహాలను నడిపేది గురుత్వాకర్షణే. ఆవేశాలు రెండు రకాలు, ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ద్రవ్యరాశి ఒకటే రకం, చేరేకొద్దీ బలం పెరుగుతూనే ఉంటుంది.

గురుత్వ క్షేత్రాన్ని చూడాలంటే చేతిలోని రాయిని వదిలితే సరి. గాలి అడ్డును పక్కన పెడితే, దాని వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 9.8 మీటర్ల చొప్పున పెరుగుతుంది. 400 కిలోమీటర్ల పైన కూడా ఈ విలువ 8.7 దగ్గరే ఉంటుంది. అక్కడ వ్యోమగాములు తేలేది గురుత్వం లేక కాదు, నౌకతోపాటు వాళ్లూ నిరంతరం పడుతూ ఉండటం వల్ల.

ఇప్పుడు దిక్సూచి. వైరును ముల్లుకు సరిగ్గా పైన, అది చూపే దిశలోనే ఉంచి, రెండు కొసలనూ సెల్‌కు ఒకటి రెండు సెకన్లు మాత్రమే తాకించండి. ఎక్కువసేపు ఉంచితే వైరు వేడెక్కి చేయి కాలుతుంది. గోడ ప్లగ్గు జోలికి మాత్రం అస్సలు పోకండి. ముల్లు పక్కకు తిరుగుతుంది. సెల్‌ను తిప్పిపెడితే రెండో వైపుకు తిరుగుతుంది. 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఆయర్‌స్టెడ్ గమనించినది ఇదే: విద్యుత్ ప్రవాహం చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది.

చివరగా, అయస్కాంతాన్ని తెల్ల కాగితం మధ్యలో పెట్టి, దాని పక్కన దిక్సూచి ఉంచి, ముల్లు మొన దగ్గర పెన్సిల్‌తో చుక్క పెట్టండి. ముల్లు తోక ఆ చుక్క మీదకు వచ్చేలా దిక్సూచిని జరిపి, మళ్లీ మొన దగ్గర చుక్క. ఇలా పోతూ ఉంటే చుక్కలు ఒక కొన నుంచి రెండో కొనకు వంపు తిరిగి చేరతాయి. వాటిని కలపండి. శాస్త్రవేత్త ఫారడే ‘బలరేఖలు’ అన్నది ఈ గీతలనే.