ఇంగ్లిష్ మాట్లాడటాన్ని పోర్ట్‌ఫోలియోతో అంచనా వేయడం ఎలా?

ఏడాది చివర ఐదు నిమిషాల వైవా పెడితే తెలిసేది విద్యార్థి టెన్షన్ ఎంతో, అంతే. తన మాట ఎలా మారుతూ వచ్చిందో తెలియాలంటే రికార్డింగులు పోగేయాల్సిందే. ఆ పోగునే పోర్ట్‌ఫోలియో అంటున్నాను.

1. సరంజామా: ఒక ఫోన్, ఒక్కొక్కరికి ఒక ఫోల్డర్. ఫైలు పేరులో తేదీ, టాపిక్ ఉండాలి. పిల్లలైతే తల్లిదండ్రుల అనుమతి ముందే తీసుకోండి. వీడియో వద్దు, ఆడియోనే. కెమెరా కనబడితే జుట్టు సర్దుకుంటూ మాట మర్చిపోతారు.

2. నెలకు రెండు రికార్డింగులు, ఒక్కోటి రెండు నిమిషాలు. ఒకటి ఒంటరిగా, ఒకటి జోడీగా. 2001లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ ప్రచురించిన సీఈఎఫ్ఆర్ (భాష ఎంతవరకు వచ్చో స్థాయిలుగా చెప్పే కొలమానం) కూడా ఈ రెండింటినీ విడివిడిగానే చూస్తుంది. ఒంటరిగా దంచేసేవాళ్లు ఎదుటివాళ్లు ప్రశ్న వేయగానే బిక్కచచ్చిపోవడం ఎన్నిసార్లు చూశానో! రాసుకొచ్చింది చదివితే ఆ రికార్డింగ్ చెల్లదు.

3. విన్నాక రాసే నోటు. అందరూ చెడగొట్టేది ఇక్కడే. విద్యార్థి తన రికార్డింగ్ తనే విని నాలుగు ముక్కలు రాయాలి. 'గ్రామర్ ఇంప్రూవ్ చేసుకోవాలి' అని రాసిస్తారు. వెనక్కి ఇచ్చేయండి. వినకుండా కూడా ఆ మాట రాయొచ్చు.

నోటులో సెకన్ల లెక్క ఉండాలి. '42వ సెకను దగ్గర యెస్టర్‌డే ఐ గో అన్నాను, వెంటనే వెంట్ అని దిద్దుకున్నాను. 1:10 దగ్గర నిచ్చెనను ఏమంటారో గుర్తురాక ఆగిపోయాను.' ఇలా ఉంటే వచ్చే నెల ఏం వినాలో ఇద్దరికీ తెలుస్తుంది. తనే దిద్దుకున్నదాన్ని తప్పుల ఖాతాలో వేయకండి.

మొదటిసారి సొంత గొంతు విన్నవాళ్లకు సిగ్గు ముంచుకొస్తుంది. అందుకే ఒకసారి ఊరికే విననివ్వండి, రెండోసారి కాగితం ఇవ్వండి. ఒక విడతలో ఒక్కటే వెతకాలి: క్రియల కాలాలో, ఆగిన చోట్లో. నోటు మాతృభాషలోనే రాయించండి. ఇంగ్లిష్‌లో రాయమంటే విన్నది వదిలేసి రాయడం వచ్చినదే రాస్తారు. మీరు కొలుస్తున్నది మాటను, రాతను కాదు.

ఇంకోటి, నోటు చేతికొచ్చేదాకా మీరు రికార్డింగ్ మీద నోరు విప్పకండి. మీరు తప్పులు చెప్పేశాక విద్యార్థి వినడు, మీ మాటే తిరిగి అప్పజెబుతాడు.

4. మార్కులు: పదసంపద, వ్యాకరణం, ధారాళం, పొందిక, ఎదుటివాళ్లతో మాట కలపడం. ఈ ఐదు చాలు. పన్నెండు గడుల పట్టికలు తయారుచేసేవాళ్లకు వినే ఓపిక మిగలదు. ఒక రికార్డింగ్‌లో రెండింటికే మార్కులు వేయండి. యాసకు మార్కులు కోయకండి, మాట అర్థం కాకపోతేనే కోయండి.

5. మొదటి రికార్డింగ్ ఎంత ఘోరంగా ఉన్నా చెరిపేయనివ్వకండి. చివర్లో అదే టాపిక్ మీద మళ్లీ మాట్లాడించి రెండూ వెంటవెంటనే వినిపించండి. నేనైతే ఆ పూట మార్కుల కాగితం బయటికే తీయను.