పేరు ఎలా రాసినా నంబర్ ఒకటే ఉండాలి

సిమ్, బ్యాంకు ఖాతా, అద్దె ఇల్లు... వీటి గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, నేను చెప్పను. చదువుకో, నెట్‌వర్కింగ్ ఉద్యోగానికో అమెరికా వచ్చిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ మొదటి పరిశోధన పేపర్ బయటికి వెళ్లకముందే ఆర్కిడ్ (ORCID) ఐడీ తీసుకోండి, అంటే పేపర్లు రాసేవాళ్లని గుర్తుపట్టడానికి ఇచ్చే శాశ్వత నంబర్. డబ్బులేం కట్టక్కర్లేదు. మొన్న రావులపాలెం కుర్రాడి రెండు పేపర్లు ఇద్దరు వేరే మనుషులవిగా నమోదయ్యాయి. వాడి టెన్షన్ చూశాకే ఇది రాస్తున్నాను.

మన గోదావరి జిల్లాల్లో అన్నవరం స్వామి పేరు లేని ఇల్లు అరుదు. వీర వెంకట సత్యనారాయణలు భీమవరంలోనూ ఉన్నారు, అమలాపురంలోనూ ఉన్నారు. ఒకచోట వి.వి.ఎస్. అని రాస్తాం, ఇంకోచోట పూర్తిగా రాస్తాం. ఇంటిపేరు ఒకసారి ముందు, ఒకసారి వెనక. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో పేరంతా ఆ గడిలోకి పోయి, అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ (FNU, అంటే 'పేరు తెలియదు') అని పడుతుంది. నా మొదటి నెలలు అలాగే గడిచాయి. నేను చేరిన చోట మెయిల్ ఐడీ కూడా ఆ మూడక్షరాలతోనే ఇచ్చారు. అమ్మానాన్న పెట్టిన పేరుతో పిలిచేవాళ్లే లేకపోయారు. చాలా బాధేసింది.

పట్టాదారు మారినా పొలం సర్వే నంబర్ మారదు కదా, ఆర్కిడ్‌లోని 16 అంకెలూ అంతే. చివర ఎక్స్ అక్షరం వస్తే తప్పనుకోకండి, అది సరిచూసుకోవడానికి పెట్టింది. మీ పేరు రాసే పద్ధతులన్నీ అందులో చేర్చండి, తెలుగులో కూడా. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన చెల్లెళ్లు పాతదీ ఉంచుకోండి.

ఇక మెయిల్. యూనివర్సిటీ మెయిల్ ఒక్కటే ఇచ్చి ఊరుకోకండి! చదువు అయిపోయాక అది తీసేస్తే లాగిన్ ఎలా అవుతారు? సొంత మెయిల్ కూడా ఇవాళే చేర్చండి. ఎన్నిసార్లు చెప్పినా "తర్వాత చూద్దాం అన్నా" అంటారు. ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్ (IETF) సంస్థకి డ్రాఫ్టులు, అంటే ముసాయిదాలు, రాసేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. ఆ డ్రాఫ్టులు నమోదయ్యే ఐఈటీఎఫ్ సైటు డేటాట్రాకర్‌లో, మీ ప్రొఫైల్‌లో లేని మెయిల్‌తో డ్రాఫ్ట్ పంపితే మిమ్మల్ని కొత్త మనిషి అనుకునే ప్రమాదం ఉంది. డ్రాఫ్టు గడువు ఆరు నెలలే, మళ్లీ పంపేటప్పుడు సరిచేసుకోవచ్చు. డ్రాఫ్టు ఖరారై వెలువడే ఆర్‌ఎఫ్‌సీ (RFC) పత్రం అలా కాదు. ఒకసారి వెలువడ్డాక అందులో రాసింది మామూలుగా మార్చరు. మీ పేరు ఎలా పడితే అలాగే ఉండిపోతుంది.

ఇప్పటికే రెండు ఆర్కిడ్‌లు తీసేసుకున్నారా? సరే, కంగారు పడకండి. ఉంచుకునేదానిలో లాగిన్ అయి సెట్టింగ్స్‌లో రెండోదాన్ని తీసేయొచ్చు. ఆ తర్వాత పాత నంబర్ వెతికినా ఉంచుకున్నదే చూపిస్తుంది. కాకపోతే అందులో నింపిన వివరాలు ఇటు రావు, తీసేసే ముందే రాసిపెట్టుకోండి.