ఫోన్ మార్చేటప్పుడు ఆఫర్లకు మోసపోకుండా ఉండటం ఎలా?

దసరా వచ్చిందంటే విజయనగరంలో బట్టల షాపులతో పాటు ఫోన్ షాపులూ కిటకిటలాడతాయి. పైడితల్లమ్మ సిరిమానోత్సవం, ఆ వెంటనే దీపావళి. గంటస్తంభం వైపు వెళ్తే 'జీరో డౌన్‌పేమెంట్', 'నో కాస్ట్ ఈఎంఐ', 'ఎక్స్ఛేంజ్ బోనస్' అని బ్యానర్లు కనిపిస్తాయి. వీటిలో నిజంగా కలిసొచ్చే ఆఫర్లూ ఉంటాయి. ఏది కలిసొస్తుందో తేల్చుకోవాలంటే ఒక్క లెక్క చాలు: అన్నీ కలిపి మన జేబులోంచి పోయేది ఎంత?

1. ఇంట్లోనే మోడల్ తేల్చుకోండి

షాపుకెళ్లాక ఆలోచిద్దాంలే అనుకుంటే, వాళ్లకి ఎక్కువ కమీషన్ వచ్చే ఫోనే మన చేతికొస్తుంది. మోడల్ పూర్తి పేరు, ర్యామ్, స్టోరేజీ కాగితం మీద రాసుకోండి. పేరు చివర ఒక్క అక్షరం మారినా అది వేరే ఫోనే. '8+8 జీబీ ర్యామ్' అని రాసి ఉంటే అసలు ర్యామ్ 8 జీబీయే. మిగతాది స్టోరేజీలోంచి తీసుకుని వాడుకునేది, అంత వేగంగా పనిచేయదు.

ఆ మోడల్ రేటు కంపెనీ వెబ్‌సైట్‌లో, ఇంకో రెండు చోట్ల చూసి రాసుకోండి. కొట్టేసి చూపించే ఎంఆర్‌పీని పట్టించుకోవద్దు. ఎంఆర్‌పీ అంటే అంతకు మించి అమ్మకూడదని చెప్పే హద్దు మాత్రమే. చాలా ఫోన్లు మామూలు రోజుల్లో కూడా అంతకంటే తక్కువకే దొరుకుతాయి.

2. ముందు క్యాష్ రేటు అడగండి

"ఎక్స్ఛేంజ్ లేదు, ఈఎంఐ లేదు, బిల్లుతో క్యాష్‌కి ఎంతకిస్తారు?" ఇదే మొదటి మాట కావాలి. ఎంఆర్‌పీలో జీఎస్టీ కలిసే ఉంటుంది కాబట్టి, దాని మీద మళ్లీ పన్ను అంటే ఒప్పుకోవద్దు. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే అసలే వద్దు, రేపు వారంటీకి ఆ బిల్లే ఆధారం.

3. ఈఎంఐ లెక్క విడదీసి చూడండి

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. "నెలకి రెండు వేలేనమ్మా" అంటారు. రెండు వేలు చిన్నగానే అనిపిస్తుంది. 12 నెలలకి 24,000. ప్రాసెసింగ్ ఫీజు 500, దానిమీద 18 శాతం జీఎస్టీ 90. అడగకుండానే చేర్చిన స్క్రీన్ ప్రొటెక్షన్ ప్లాన్ 1,799 అనుకుందాం. మొత్తం 26,389 రూపాయలు. అదే ఫోన్ క్యాష్‌కి 22,500కి దొరుకుతుంటే, 'నో కాస్ట్' అన్న మాటకి మనం కట్టేది 3,889. కూలి చేసుకునే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు.

వడ్డీ లేని అప్పు అనేది ఉండదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. క్రెడిట్ కార్డు మీద నో కాస్ట్ ఈఎంఐ తీసుకుంటే, బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు ఫోన్ ధరలో తగ్గిస్తారు. వడ్డీ మీద పడే జీఎస్టీ మాత్రం మన నెత్తినే.

ఫైనాన్స్ కుర్రాడు ఓటీపీ చెప్పమంటే తొందరపడొద్దు. చాలాసార్లు ఆ ఓటీపీయే లోన్ కాగితాల మీద మీ సంతకం. ముందుగా 'కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్' చూపించమనండి. వడ్డీ, ఫీజులు, ఏడాదికి పడే మొత్తం ఖర్చు శాతం అందులో రాసి ఉంటాయి. దాన్ని ఇవ్వడం బ్యాంకుల, ఫైనాన్స్ కంపెనీల బాధ్యత. ఇన్సూరెన్స్, ప్రొటెక్షన్ ప్లాన్ వద్దనుకుంటే అప్పుడే తీసేయమనండి. వాయిదా రోజున ఖాతాలో డబ్బు లేకపోతే బౌన్స్ చార్జీలు పడతాయి, సిబిల్ స్కోరూ (అప్పులు ఎంత సరిగ్గా కడుతున్నామో చూపే మార్కులు) దెబ్బతింటుంది.

4. పాత ఫోన్ బేరం విడిగా చేయండి

'15,000 వరకు ఎక్స్ఛేంజ్' అన్నప్పుడు 'వరకు' అన్న మాట మీదే కన్నుండాలి. గీతలున్నా, బ్యాటరీ తగ్గినా రేటు దిగిపోతుంది. పాతది ఇస్తే ఎంత, ఇవ్వకపోతే ఎంత అని రెండు రేట్లూ అడగండి. ఒక్కోసారి ఎక్స్ఛేంజ్ బోనస్ ఇచ్చి క్యాష్ డిస్కౌంట్ ఎత్తేస్తారు. ఇవ్వాలనుకుంటే ఫొటోలు, నంబర్లు దాచుకుని, అన్ని ఖాతాల నుంచి లాగౌట్ అయ్యి, ఫ్యాక్టరీ రీసెట్ చేశాకే చేతికివ్వండి.

కార్డు క్యాష్‌బ్యాక్ అంటే ఎంత వరకు, ఎప్పుడు పడుతుంది అని అడగండి.

5. పెట్టె విప్పాక

సీల్ మీ ఎదురుగానే తీయించండి. *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబరు), పెట్టె మీది నంబరు, బిల్లు మీది నంబరు మూడూ ఒకటే కావాలి. ప్రభుత్వ యాప్ సంచార్ సాథిలో ఆ నంబరు కొడితే ఏ కంపెనీ, ఏ మోడల్ అన్నది తెలుస్తుంది.

6. మోసం జరిగితే

చెప్పిన ఆఫర్ ఇవ్వకపోయినా, అడగని ప్లాన్ అంటగట్టినా ముందు షాపులో రాతపూర్వకంగా అడగండి. తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు కొన్న వస్తువుకి ఫిర్యాదు ఫీజు లేదు. బిల్లు, ఆఫర్ బ్యానర్ ఫొటో, లోన్ కాగితాలు, వాట్సాప్‌లో వాళ్లు పంపిన రేట్లు అన్నీ దాచి ఉంచండి.