పాత వెల్డింగ్ మిషన్ ఇంటికొచ్చాక పనిచేయడం లేదా? మూత విప్పే ముందు కరెంటు చూడండి

అమ్మినవాళ్ల షెడ్డులో 10 నంబర్ రాడ్‌ను ఆగకుండా కాల్చిన మిషన్, మన వాకిట్లో పెట్టేసరికి ఆర్క్ (రాడ్‌కూ ఇనుముకూ మధ్య వెలిగే మెరుపు) పట్టదు. వెంటనే వైండింగ్ పోయిందంటారు, అంటగట్టారంటారు. ఆ షెడ్డులో త్రీఫేజ్ సర్వీసు, మందపాటి కేబుల్ ఉంటాయి. మనకున్నది ఒక 16 ఆంప్స్ సాకెట్. తేడా చాలావరకు అక్కడే.

అందుకే ముందు మల్టీమీటరు తీయండి. మిషన్ ఇన్‌పుట్ దగ్గర ఖాళీగా ఉన్నప్పుడు ఎన్ని వోల్టులు, ఆర్క్ నడుస్తున్నప్పుడు ఎన్ని, అదే సమయంలో మెయిన్ బోర్డు దగ్గర ఎన్ని? ఈ మూడు అంకెలు కాగితం మీద రాసుకుంటే సగం పని అయినట్టే. లైవ్ టెర్మినళ్ల మీద చేయి అలవాటు లేకపోతే ఈ కొలత ఎలక్ట్రీషియన్‌తోనే తీయించండి.

రాడ్ అంటుకుపోతోంది, ఆర్క్ నీరసంగా ఉంది

మొదట నేమ్‌ప్లేట్ చదవండి. పాత ట్రాన్స్‌ఫార్మర్ సెట్లలో (తీగ చుట్టలతో నడిచే బరువైన వెల్డింగ్ మిషన్లలో) చాలావాటిని రెండు ఫేజుల మధ్య, అంటే 415 వోల్టులకు కలపాలి. దాన్ని ఇంటి 230కి కలిపితే రాడ్ పట్టే హోల్డర్ దగ్గర 80 వోల్టులు రావలసినచోట 44 మాత్రమే వస్తాయి. అంత తక్కువలో మామూలు రాడ్ వెలగదు. కొన్ని సెట్లలో టెర్మినల్ బోర్డు మీద 230/415 మార్చుకునే లింకు పట్టీ ఉంటుంది. మెయిన్ ఆపి, ప్లేటు మీది బొమ్మ చూసి మార్చుకోవచ్చు. లింకు లేకపోతే త్రీఫేజ్ సర్వీసు ఉండాల్సిందే, అడ్డదారి లేదు. దీనికి తలకిందులైన పొరపాటు మరీ ఖరీదైనది: 230 వోల్టుల మిషన్‌ను రెండు ఫేజులకు తగిలిస్తే కాలిపోతుంది.

ప్లేటు సరిపోయినా ఆర్క్ నిలవకపోతే రాసుకున్న అంకెలు చూడండి. ఆర్క్ పడినప్పుడు బోర్డు దగ్గర 222 ఉండి, మిషన్ దగ్గర 200కి పడిపోయిందా? దోషం మధ్యలోని వైరుది. 30 మీటర్ల 1.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) రాగి వైరులో, రానూపోనూ కలిపి, దాదాపు 0.7 ఓమ్ నిరోధం ఉంటుంది. 22 ఆంప్స్ పారితే 15 వోల్టులు దారిలోనే పోతాయి. అదే 4 స్క్వేర్ అయితే 6 వోల్టులు కూడా పోవు. అల్యూమినియం వైరైతే నష్టం ఇంచుమించు ఒకటిన్నర రెట్లకు పైనే. లెక్కకు మించి పడిపోతుంటే ప్లగ్గు, సాకెట్ పిన్నులు తడిమి చూడండి, మెయిన్ ఆపి మరీ. నల్లబడి వేడిగా ఉన్న పిన్ను లూజ్ కాంటాక్టుకు గుర్తు. ఎక్స్‌టెన్షన్ వైరును చుట్టగానే ఉంచి వాడొద్దు, వేడికి ఇన్సులేషన్ కరిగిపోతుంది.

ఎంసీబీ పడిపోతోంది

ఎంసీబీ అంటే కరెంటు మోతాదు మించితే తనంతట తానే పడిపోయే స్విచ్. ఎప్పుడు పడుతోందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. స్విచ్ వేసిన క్షణంలోనే పడి, రెండోసారి వేస్తే నిలిస్తే, అది ట్రాన్స్‌ఫార్మర్ మొదట గుంజే కరెంటు దెబ్బ. సీ టైపు ఎంసీబీ తన రేటింగుకు 5 నుంచి 10 రెట్ల మధ్య కరెంటు వస్తే తక్షణం పడుతుంది, డీ టైపు 10 నుంచి 20 రెట్ల దాకా ఆగుతుంది. అదే రేటింగులో డీ టైపు వేయిస్తే సరిపోతుంది. ఎన్నిసార్లు వేసినా అలాగే పడుతుంటే షార్ట్ ఉన్నట్టు, ఇక వేయొద్దు.

కొన్ని నిమిషాలు పనిచేశాక పడితే అది ఓవర్‌లోడ్. ఇక్కడ ఉజ్జాయింపు లెక్క ఒకటి పనికొస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ సెట్టు తీసుకునే వోల్ట్ ఆంపియర్లు అంటే ఖాళీ వోల్టేజిని (ఆర్క్ లేనప్పుడు హోల్డర్ దగ్గర ఉండేది) వెల్డింగ్ కరెంటుతో గుణిస్తే వచ్చేవి. 75 వోల్టులు, 120 ఆంప్స్ అనుకుంటే 9,000, అంటే 9 కేవీఏ: 230 మీద 39 ఆంప్స్, 415 మీద 22. అదే పని ఇన్వర్టర్ మిషన్ (ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే తేలికపాటి వెల్డింగ్ మిషన్) 230 మీద సుమారు 22 ఆంప్స్‌తో చేసేస్తుంది. 10 నంబర్ కన్నా సన్నని 12 నంబర్ రాడ్‌ను 80 ఆంప్స్‌లో కాలిస్తే 13, 14 ఆంప్స్ చాలు. కాబట్టి 16 ఆంప్స్ సాకెట్ మీద ఇన్వర్టర్‌తో 12 నంబర్ వరకే ఆశపడండి. 10 నంబర్ కావాలంటే బోర్డు నుంచి నేరుగా 6 స్క్వేర్ రాగి వైరు, 32 ఆంప్స్ ఎంసీబీ, ఇండస్ట్రియల్ సాకెట్ వేయించుకోవాలి. వైరు మార్చకుండా ఎంసీబీ ఒక్కటే పెద్దది చేయడం గోడలో నిప్పు దాచుకోవడమే.

బిల్లు మీది కాంట్రాక్టెడ్ లోడ్ (మన సర్వీసుకు మంజూరైన కిలోవాట్లు) కూడా చూడండి. ఇంటి సర్వీసు మీద గేట్ల పని పెట్టుకుంటే ఇంటి రేటు మీద వ్యాపారం చేస్తున్నారన్న కేటగిరీ తకరారు కూడా వస్తుంది.

వెల్డింగ్ పెట్టగానే వీధంతా దీపాలు తగ్గుతున్నాయి

బోర్డు దగ్గరే వోల్టేజి పడుతోందంటే సమస్య మన చేతిలో లేదు. పొలాల దగ్గరి 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఫేజుకు ఇవ్వగలిగేది సుమారు 33 ఆంప్స్. మోటార్లు నడిచే వేళ దాని మీద 22 ఆంప్స్ సెట్టు పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. లైను మీద కొక్కెం తగిలించడం నేరం, పైగా మధ్యలో ఫ్యూజు లేని ప్రాణాపాయం. అదనపు లోడుకు దరఖాస్తు పెట్టుకోవాలి, లేదా ట్రాన్స్‌ఫార్మర్ సెట్టు అమ్మేసి ఇన్వర్టర్ మిషన్ తీసుకోవాలి. నా మాటైతే రెండోదే.

త్రీఫేజ్ ఇంట్లో కొన్ని గదుల దీపాలు తగ్గి, మరికొన్నిటివి మామూలుకన్నా ప్రకాశంగా వెలిగితే మాత్రం వెంటనే మెయిన్ ఆపేయండి. న్యూట్రల్ ఊడుతోంది. టీవీ, ఫ్రిజ్ కాలేది అప్పుడే.

ఆర్‌సీసీబీ పడుతోంది, లేదా బాడీ షాక్ కొడుతోంది

ఆర్‌సీసీబీ అంటే కరెంటు భూమికి లీకైతే సప్లై కట్ చేసే స్విచ్. ఇది సప్లై సంగతి కాదు. మూలన పడి ఉన్న పాత మిషన్‌లో చెమ్మ, గ్రైండింగ్ ఇనుప పొడి చేరతాయి. ప్లగ్గు తీసి బ్లోయర్ కొట్టించి, ఎండబెట్టి, ట్రాన్స్‌ఫార్మర్ సెట్టయితే 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరుతో) చూపించండి. 1 మెగాఓమ్ కన్నా తక్కువ వస్తే కరెంటు పెట్టొద్దు. ఇన్వర్టర్ మిషన్‌కు మెగ్గర్ తగిలిస్తే లోపలి బోర్డు పోవచ్చు, దాన్ని మెకానిక్‌కే వదిలేయండి. ఎర్త్ వైరు పీకేస్తే ఆర్‌సీసీబీ పడడం ఆగొచ్చు, కానీ ఆ లీకేజీ అంతా బాడీ ముట్టుకున్నవాళ్ల కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

ఆర్క్ పడినప్పుడు కూడా మిషన్ దగ్గర 220 నిలబడి, ప్లేటుకు తగ్గ కనెక్షనే ఉండి, రిటర్న్ క్లాంప్ (వెల్డింగ్ చేసే ఇనుముకు తగిలించే పట్టు) శుభ్రమైన ఇనుము మీదే ఉండి, పొడి రాడ్ వాడినా అంటుకుంటుంటే, అప్పుడు మిషన్‌ను అనుమానించండి.