కొండమీద కనిపించిన చామంతి చుట్టాన్ని గుర్తుపట్టడం ఎలా, రాసిపెట్టుకోవడం ఎలా

కార్తీకం వెళ్ళాక భైరవకోనకి పోయినప్పుడు, జలపాతం దాటి పైకెక్కే దారి పక్కన నా ఎత్తు మించిన పొద ఒకటి, కొమ్మల చివర్ల నిండా తెల్లటి కుచ్చులతో కనిపించింది. ఫోన్‌లో యాప్ తీసి ఫొటో పెడితే ఒకసారి ఒక పేరు, ఇంకోవైపు నుంచి తీసి పెడితే ఇంకో పేరు. పక్కనే మేకలు తోలుకెళ్తున్న పెద్దాయన్ని "ఏం చెట్టు మామా ఇది?" అని అడిగితే "పిచ్చి చెట్టు అబ్బయా, మేక గూడా మూతి పెట్టదు" అన్నాడు. యాప్ కంటే ఆ మాటే ఎక్కువ పనికొచ్చింది, అదెలాగో కింద చెప్తాను.

చాలామంది చేసే తప్పు ముందు పేరు వెతకడం. పేరు చివర. ముందు మొక్కని చూసి, చూసింది చూసినట్టు కాగితం మీద పెట్టాలి. ఊళ్ళో పేరుని నమ్ముకుంటే ఏమవుతుందో చూడండి. మన ఉదయగిరి కొండల వైపు దేవదారి అంటే ఎర్రచేవ ఉన్న చిన్న చెట్టు, ఎరిత్రోజైలమ్ మోనోగైనమ్. హిమాలయాల్లో దేవదారు అంటే సూదుల్లాంటి ఆకులుండే మహావృక్షం, సెడ్రస్. పేర్లు దాదాపు ఒకటే, చెట్లకి మాత్రం ఏ చుట్టరికమూ లేదు.

కొండెక్కే ముందు ఇంట్లో, చామంతి కుటుంబానిదే అయిన ఒక బంతిపువ్వుని చీల్చి చూడండి. మనం పువ్వు అనేది నిజానికి ఒక పువ్వు కాదు, ఒకే గద్దె మీద కూర్చున్న బోలెడు చిన్న పువ్వుల గుంపు. మనం రేక అనుకుని లాగేది ఒక పూర్తి పువ్వు, అందుకే దాని అడుగున నల్లటి పుల్లలాంటి గింజ ఉంటుంది. ఎండిన బంతిని నలిపి మడిలో చల్లినవాళ్ళకి ఇది కొత్త కాదు. ఇంటర్ బోటనీ పుస్తకంలో శీర్షవత్ పుష్పవిన్యాసం అని భయపెట్టేది దీన్నే. చుట్టూ నాలుకలా సాగినవి కిరణ పుష్పకాలు, మధ్యలో గొట్టాల్లా ఉండేవి బింబ పుష్పకాలు. పొద్దుతిరుగుడులో రెండూ ఉంటాయి. మన పొదలో గొట్టాలే, నాలుకలు అసల్లేవు. అందుకే అది చామంతి చుట్టమని ఒక పట్టాన తోచదు.

కుటుంబం తేల్చడానికి మూడు చూస్తే చాలు. గుంపు కింద చిన్న చిన్న ఆకుపచ్చ పొలుసులు గిన్నెలా కమ్ముకుని ఉన్నాయా? గింజ కట్టే భాగం పూరేకుల గొట్టానికి కిందే ఉందా? ఐదు కేసరాల పుప్పొడి తిత్తులు అంటుకుని ఒక గొట్టంలా అయ్యి, మధ్యలోంచి కీలం (గింజ కట్టే భాగం నుంచి లేచే సన్నటి కాడ) పైకి పొడుచుకొచ్చి చివర రెండుగా చీలిందా? మూడింటికీ అవునంటే అది ఆస్టరేసి, అంటే చామంతి కుటుంబం. పాత పుస్తకాల్లో కంపోజిటే అని ఉంటుంది, కంగారు పడకండి, రెండు పేర్లూ చెల్లుతాయి. గింజ నెత్తిన వెంట్రుకల కుచ్చు కూడా ఉంటే ఇంక అనుమానమే అక్కర్లేదు, కానీ అది లేనంతమాత్రాన కొట్టిపారేయకూడదు, బంతికి కుచ్చు బదులు పొలుసులే ఉంటాయి. కంసాలి వాడే పది రెట్ల భూతద్దం జేబులో వేసుకోండి, ఫోన్ కెమెరా జూమ్ దానికి సాటి రాదు.

మోసపోయేది ఎక్కడంటే, ఆకు నలిపితే ఘాటు వాసన వచ్చి, ఆకులు ఎదురెదురుగా ఉండే పొదలు మన కొండల్లో ఇంకా ఉన్నాయి. తలంబ్రాల చెట్టు పూలు కూడా గుంపుగానే ఉంటాయి, కానీ దాని కాండం పలకలుగా, గీరుకునే ముళ్ళతో ఉంటుంది, కాయ నల్లటి పండు అవుతుంది, పూగుంపు కింద ఆ పొలుసుల గిన్నె ఉండదు. శీర్ణ తులసి కాండం నాలుగు పలకలు, పువ్వుకి పైపెదవి కిందపెదవి ఉంటాయి, అది తులసి కుటుంబం. ఇక వయ్యారిభామ చామంతి కుటుంబమే, కానీ అది పొద కాదు, ఏడాది మొక్క, ఆకు కొత్తిమీరలా చీలి ఉంటుంది. దాన్ని ఉత్త చేతుల్తో నలపకండి, పడనివాళ్ళకి ఒళ్ళంతా దురదలు లేస్తాయి.

ఇప్పుడు వర్ణన రాయడం. నేను ఎప్పుడూ కింద నుంచి పైకి వెళ్తాను: కాండం, ఆకు, పూగుంపు, పొలుసులు, చిన్న పువ్వు, గింజ. వరస ఎందుకంటే, ఇంటికొచ్చాక "అయ్యో, ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా ఒకదాని తర్వాత ఒకటి ఉన్నాయా" అని టెన్షన్ పడకుండా. ఫొటోలో కొలత కోసం పది రూపాయల నాణెం పెట్టండి, అడ్డంగా సరిగ్గా 27 మిల్లీమీటర్లు ఉంటుంది. "అందమైన పూలు", "పెద్ద ఆకులు" లాంటి మాటలు రాయకండి, అవి ఎవరికీ ఏమీ చెప్పవు. నా నోటుబుక్‌లోది కొంచెం శుభ్రం చేసి ఇస్తున్నా:

"పొద, 2 మీటర్ల పైన, కొమ్మలు గుండ్రం, సన్నటి నూగు, పెళుసు. ఆకులు ఎదురెదురు, కోలగా త్రికోణం, 8 సెంటీమీటర్ల పొడవు, అంచు మోటు రంపపు పళ్ళు, అడుగు నుంచే మూడు ఈనెలు త్రిశూలంలా. నలిపితే ఘాటు వాసన, పాలు కారలేదు. పూగుంపులు కొమ్మ చివర గొడుగులా, ఒక్కోటి సన్నటి గొట్టం, సుమారు 1 సెంటీమీటరు. పొలుసులు 4, 5 వరసలు, కింద పొట్టివి పైన పొడుగువి, ముదిరితే రాలిపోతున్నాయి. లోపల 20కి పైగా పువ్వులు, అన్నీ గొట్టాలే, తెలుపు, కొన్ని లేత ఊదా, కీలం చీలికలు తెల్ల దారాల్లా బయటికి. గింజ నల్లగా సన్నగా, గీతలతో, నెత్తిన తెల్ల వెంట్రుకలు. దారి అంచు, ఎండ తగిలే చోటు. మేకలు తినడం లేదని కాపరి మాట."

ఇది రాశాక పేరు దానంతటదే దగ్గరికొస్తుంది. ఈ కుటుంబంలో 30 వేలకి పైగా జాతులున్నాయి కాబట్టి నేరుగా జాతికి దూకితే మునిగిపోతారు, ముందు తెగ, అంటే కుటుంబం లోపలి చిన్న గుంపు, పట్టుకోవాలి. పొద్దుతిరుగుడుది హీలియాంథే తెగ, చామంతిది ఆంథెమిడే. అన్నీ గొట్టపు పువ్వులే అయ్యి, ఊదా రంగులో ఉండి, ఆకులు ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటే సహదేవి తెగ వెర్నోనియే వైపు చూడండి. ఆకులు ఎదురెదురుగా ఉండి, పువ్వులు తెలుపో ఊదానో అయ్యి, కీలం చీలికలు పొడుగ్గా వేలాడుతుంటే యూపటోరియే. మనది అదే. త్రిశూలం ఈనెలు, గొట్టంలాంటి పూగుంపు, రాలిపోయే పొలుసులు కలిపి చూస్తే క్రోమోలీనా ఒడొరాటా. ఒడొరాటా అంటే వాసన గలది.

ఇది మన కొండల మొక్క కానేకాదు, అమెరికా ఖండాల ఉష్ణ ప్రాంతాలది. కేరళలో కమ్యూనిస్టు పచ్చ అంటారట, మన వయ్యారిభామని కాంగ్రెస్ గడ్డి అన్నట్టు. మొక్కలకి కూడా పార్టీలు అంటగట్టే జనం మనం. దీని ఆకుల్లో పశువులకి చెరుపు చేసే పదార్థాలున్నాయి, మేక మూతి పెట్టకపోవడానికి కారణం అది, కాపరి మాట నోటుబుక్‌లోకి ఎక్కడానికి కారణమూ అదే.

పాత పుస్తకంలో ఈ పేరు వెతికితే దొరకదు. మొక్కలకి రెండు మాటల శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లినేయస్ 1759లో దీనికి యూపటోరియమ్ ఒడొరాటమ్ అని పెట్టాడు. యూపటోరియమ్ అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) వందలకొద్దీ జాతులతో పిచ్చిగా ఉబ్బిపోతే కింగ్, రాబిన్సన్ అనే ఇద్దరు దాన్ని ముక్కలుగా విడదీశారు, 1970లో ఇది క్రోమోలీనా అయింది. సరిగ్గా అదే ఏడు నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో దాన్ని ప్రకాశం అన్నారు. పాత దస్తావేజులో నెల్లూరు జిల్లా అని ఉంటే కనిగిరి పొలం మాయమైపోలేదు కదా, ఇదీ అంతే. లండన్ క్యూ ఉద్యానవనం వాళ్ళ ఆన్‌లైన్ జాబితాలో పాత పేరు కొడితే ఇప్పుడు చెల్లే పేరు చూపిస్తుంది, ఆ రెండూ రాసుకోండి.

కొమ్మ తెంపే ముందు అది ఎవరి నేలో చూసుకోండి. పెంచలకోన చుట్టూ పెనుశిల నరసింహ అభయారణ్యం, గిద్దలూరు, మార్కాపురం వైపు నల్లమల పులుల అభయారణ్యం ఉన్నాయి, అక్కడ అనుమతి లేకుండా ఆకు కూడా తేకూడదు. ఫొటోలు, కొలతలు చాలు. చెరువుకట్ట మీదో రోడ్డు అంచునో దొరికితే జానెడు కొమ్మ తీసుకోండి, పువ్వూ ఆకూ రెండూ ఉండాలి. హెర్బేరియం కాగితం (ఎండబెట్టిన మొక్కని అంటించి దాచే అట్ట) 42 బై 28 సెంటీమీటర్లు, దానికి పట్టేలా ఒంచి, న్యూస్‌పేపర్ల మధ్య పరిచి, ఒక ఆకుని తిరగేసి పెట్టి, పైన సన్నికల్లు బరువు పెట్టండి. ఇది పూసేది నవంబరు నుంచి జనవరి దాకా, మనకి ఈశాన్య రుతుపవనాల తడి ఇంకా గాల్లో ఉండే రోజులు, కాబట్టి మొదటి నాలుగు రోజులు రోజూ పేపర్లు మార్చకపోతే బూజు పడుతుంది. తేదీ, ఊరు, మండలం పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా చెమ్మకి పాకుతుంది.

ముదిరిన పూగుంపులు మాత్రం విడిగా కాగితం పొట్లంలో కట్టండి. నేను మొదటిసారి అలా చేయకుండా వరండాలో మంచం మీద ఆరేశాను, మూడో రోజుకి ఫ్యాన్ గాలికి ఆ కుచ్చులు విచ్చుకుని ఇల్లంతా ఎగిరాయి. "కోనకి పోయి ప్రసాదం తెస్తావనుకుంటే ఇదా తెచ్చింది" అని మా అమ్మ చీపురందుకుంది. ఆ గింజలు మొలుస్తాయని ఊడ్చిందంతా పెరట్లో పారబోయనివ్వలేదు, పొయ్యిలోనే వేయించాను.