అమెరికా చలికాలంలో కరివేపాకుకి ఏ బల్బు పెట్టాలి?

నవంబర్ వచ్చేసరికి కరివేపాకు కుండీలన్నీ ఇంట్లోకి చేరతాయి. జనవరికల్లా పుల్లలు మిగులుతాయి. పుల్ల మజ్జిగ పొయ్యలేదనీ, నీళ్లెక్కువయ్యాయనీ తలో మాటా అంటారు. చాలా ఇళ్లల్లో దానికి కరువయ్యేది వెలుతురు. దక్షిణం కిటికీ ఉందిగా అనకండి. డిసెంబర్‌లో షికాగోలో పగలు ఉండేదే తొమ్మిది గంటలు, అందులో సగం రోజులు మబ్బు.

రాత్రి చలి 50 ఫారెన్‌హీట్‌కి దిగకముందే కుండీ లోపలికి తెచ్చేయండి. తెచ్చేముందు ఆకుల అడుగు భాగం కడగండి.

కొనాల్సినవి మూడే: పార్-38 రకం (వెడల్పు ముఖం ఉన్న) ఎల్‌ఈడీ ఫ్లడ్ బల్బులు రెండు, వాటిని బిగించడానికి క్లాంప్ ల్యాంపులు (పట్టుకునే క్లిప్పున్న దీపాలు) రెండు, ఒక టైమర్. బల్బు డబ్బా మీద ‘100 వాట్లకు సమానం’ అన్న పెద్దక్షరాలు వదిలేసి ల్యూమెన్లు (బల్బు ఇచ్చే మొత్తం వెలుగు) చూడండి, 1,200కి తగ్గకూడదు. రంగు 5000 కెల్విన్, అంటే తెల్ల వెలుగు. 2700 కెల్విన్ పసుపు వెలుగు హాల్లో సోఫాకి బాగుంటుంది, మొక్కకి వద్దు.

మామూలు గుండ్రటి బల్బులో 1,600 ల్యూమెన్లున్నా వెలుగు నలువైపులా చిమ్ముతుంది, గోడలకే సగం పోతుంది. ఫ్లడ్ బల్బు ఉన్నదంతా ముందుకే కొడుతుంది.

మొక్కల కోసమని అమ్మే ఊదా రంగు లైట్ల జోలికి మాత్రం పోకండి. ఆకు ఎరుపు, నీలం కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుందన్నది నిజమే. ఆ రెండూ తెల్ల ఎల్‌ఈడీలోనూ ఉంటాయి. పైగా ఆ ఊదా వెలుగులో ఆకు పసుపెక్కినా, నల్లి పట్టినా కనబడదు. ఇల్లు చూస్తే రికార్డింగ్ డాన్సు స్టేజీలా ఉంటుంది.

ఇక అందరూ పాడుచేసేది ఎత్తు దగ్గర. బల్బు మంచిదే కొంటారు, తీసుకెళ్లి మూడడుగుల పైన బిగిస్తారు. దూరం రెట్టింపైతే వెలుగు సగం కాదు, పావు వంతు అవుతుంది. మన కంటికి ఆ తేడా తెలియదు. రాత్రి హాల్లో లైటేస్తే మనకి పట్టపగల్లా ఉంటుంది, కొలిస్తే రెండు మూడొందల లక్స్ (ఒక చోట పడే వెలుగుకి కొలత). బయట మధ్యాహ్నపు ఎండ లక్ష దాకా ఉంటుంది.

అందుకే కొలవండి. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసుకుని, కొసచిగురు ఎత్తులో తెర పైకి ఉండేలా పెట్టండి. అంకె కాస్త అటూఇటూ ఉన్నా పనికొస్తుంది. 12,000 నుంచి 15,000 మధ్య రావాలి. అడుగు, అడుగున్నర దూరంలో వస్తుంది. రాకపోతే ఇంకా దించండి. దించాక చిగురు దగ్గర అరచెయ్యి పెట్టి చూడండి. వేడి తగిలితే రెండంగుళాలు పైకి. రెండు బల్బులూ చెరో పక్క నుంచి పడాలి, ఒకటే అయితే కొమ్మలన్నీ అటే వంగుతాయి. వారానికోసారి మళ్లీ కొలవండి. కొత్త చిగురేస్తే మొక్క బల్బుకి దగ్గరవుతుంది. క్లాంప్‌ని నమ్మి వదిలేయకుండా తీగతో కూడా కట్టండి. తడి కుండీలో ల్యాంపు ఊడిపడితే ప్రమాదం.

టైమర్‌కి 14 గంటలు పెట్టండి. రాత్రి ఆర్పేయాల్సిందే.

మేలో బయట పెట్టేటప్పుడు మొదటి వారం నీడలోనే ఉంచండి, ఇంట్లో పుట్టిన ఆకు నేరుగా ఎండలో పెడితే మాడిపోతుంది.